తోలు నిలిపిన పదును

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అను పేర్లు వినినంతనే మన మనస్సునకు కోటలు, సంస్థానములు, పండితసభలు తోచును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో సోమనాద్రి కట్టించిన కోటయు, అందలి చెన్నకేశవస్వామి ఆలయమును, ‘విద్వద్గద్వాల’ యను ప్రశస్తియు ఎల్లరు ఎరిగినవే. వనపర్తి రాజప్రాసాదమున 1959 నుండి సాంకేతిక విద్యాలయము నడచుచున్నది. నాగర్‌కర్నూలు నిజాము పాలనలో జిల్లాకు ముఖ్యపట్టణమై యుండి, 19వ శతాబ్ది చివరి భాగమున ఆ స్థానమును మహబూబునగరమునకు విడిచి, 2016 అక్టోబరు 11వ తేదీని మరల జిల్లా కేంద్రమయ్యెను. గద్వాలయు వనపర్తియు ఆనాడే జిల్లా కేంద్రములైనవి. ప్రభువుల చరిత్ర ఇట్లు తేదీలతో సహా దొరకును. ఆ ప్రభువులు తల వంచి, కంఠము చాచి, కన్నులు మూసికొని యెవని కత్తి యెదుట కూర్చుండిరో వాని చరిత్ర మాత్రము ఏ దస్తావేజులోను వెదకి చూడనిదే కానరాదు.

నేడు మేము చెప్పబూనినది ఆ కత్తిని గూర్చి. అది రణమున దూసిన కత్తి కాదు. జానెడు పొడవైనను లేని మంగలికత్తి. దానిని సాన పట్టుట యెట్లు, తోలుపై రాచుట యెట్లు, తుప్పు సోకకుండ కాపాడుకొనుట యెట్లు అనునది పైకి అల్పవిషయముగా తోచును. కాని అందు ఉక్కు చరిత్ర యున్నది, తోలు చరిత్ర యున్నది, ఆ రెంటిని తన చేతిలో కూర్చుకొని ఊరినంతటిని శుభ్రముగా నిలిపిన మనుష్యుని చరిత్ర యున్నది.

మా దృష్టి ఈ విషయముపై మరలిన కారణమును ముందుగా మనవి చేసెదము. గద్వాలలో మా మిత్రుని యింట పాతపెట్టెను సర్దుచుండగా, వారి తాతగారి కాలపు మంగలికత్తి యొకటి బయటపడెను. పిడి చెక్కు చెదరలేదు; అలుగునకు మాత్రము తుప్పు పట్టియుండెను. పుస్తకములు చదివినవారమన్న ధైర్యముతో దానిని మేమే బాగుచేయ నుద్యమించితిమి. వంటింటి కత్తిని నూరినట్లు గరుకురాతిపై నూరితిమి. పిదప నడుముపట్టీని కిటికీ కమ్మికి కట్టి, వాదరను ముందుంచి తోలుపై నడపితిమి. రెండవ సారికే కత్తి తోలులో దిగబడెను. గడ్డమునకు ఆనించినప్పుడు వెండ్రుక తెగలేదు, చర్మము తెగినది. అప్పుడు మాకు బుద్ధి వచ్చి, ఆ పట్టణముననే యున్న ఎనుబదియేండ్ల వృద్ధ క్షురకుని కడకు పోయితిమి. ఆయన కత్తిని వెలుతురునకు ఎత్తి, ఒక కన్ను మూసి, వాదర పొడవునను చూచెను. “రాయి అంచు దెస్తది సారూ, తోలు ఆ అంచును నిలుపుతది. మీరేమో రాయితోని అరగదీసి, తోలును కోసి తెచ్చిండ్రు” అని నవ్వెను. తరువాత మేము తెలిసికొన్నదంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమే.

ఇట్టి విషయము చరిత్ర యనిపించుకొనునా యని కొందరు శంకింపవచ్చును. అందులకు సమాధానము ఈ సీమవాడే యిచ్చియున్నాడు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో గద్వాల సంస్థానమునకు చెందిన బోరవెల్లిలో జన్మించిరి. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. రాజుల యుద్ధములను కాక ప్రజల తిండి, బట్ట, ఆట, పాట, వృత్తి మొదలగువానిని చరిత్రగా గ్రహించి వారు వ్రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడెను. వారు 1953లో కీర్తిశేషులైన తరువాత, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి పురస్కారము ఆ గ్రంథమునకే లభించెను. ప్రజల చేతి పనిముట్టును చరిత్రగా చూచుట ఈ సీమకు క్రొత్త కాదు.

మంగలికత్తి మన దేశమున మిక్కిలి ప్రాచీనము. కఠోపనిషత్తు ఆత్మజ్ఞానమార్గము యొక్క దుర్గమత్వమును క్షురధారతో పోల్చినది. ఉపమానము వినువానికి తెలిసినదై యుండవలెను గదా! ఆనాటి శ్రోతలకు క్షురధార యెంత సన్ననో అనుభవపూర్వకముగా తెలిసియుండెననుటకు ఇదియే సాక్ష్యము. బౌద్ధుల వినయపిటకములోని చుల్లవగ్గము భిక్షువులు దాచుకొనదగిన వస్తువులను చెప్పుచు కత్తిని, కత్తిరాతిని, కత్తిసంచిని, ఉన్నితో ఒత్తిన బట్టను పేర్కొని, తక్కిన క్షురసామగ్రిని కూడ అనుమతించినది. సర్వసంగపరిత్యాగికి సైతము కత్తి యొక్కటి చాలదనియు, దానిని నిలుపుకొను సామగ్రి వెంట నుండవలెననియు ఆ నియమము వలన తెలియుచున్నది. అన్నట్టు, రాజగృహమున జరిగిన మొదటి సంగీతిలో వినయమును వల్లించిన ఉపాలి పూర్వాశ్రమమున శాక్యుల క్షురకుడని బౌద్ధసంప్రదాయము.

ఇంతకంటె ముఖ్యమైన సాక్ష్యము సుశ్రుతసంహితలో కలదు. శస్త్రములను గూర్చిన అధ్యాయములో సుశ్రుతుడు వాదరల సన్నదనమును కొలతలతో చెప్పెను. కొన్ని శస్త్రముల వాదర మసూరపప్పంత యుండవచ్చును, కొన్నిటిది వెండ్రుకంత, ఛేదించు శస్త్రములది అర్ధకేశమంత సన్నముగా నుండవలెను. శస్త్రము వెండ్రుకను తెగగోయునంతటి పదును కలిగియున్నప్పుడే వాడవలెనని నియమము. ఆ పదును తెచ్చుటకు మినుముల వన్నె గల నున్నని రాయియు, తెచ్చిన పదునును నిలుపుటకు బూరుగుమ్రాని పలకయు ఉపయోగింపవలెనని చెప్పెను. నూరుట వేరు, నిలుపుట వేరు అను భేదము ఇచ్చట స్పష్టముగా నున్నది. గద్వాల వృద్ధుడు రాయి, తోలు అని చెప్పిన దానినే సుశ్రుతుడు రాయి, బూరుగు పలక అని చెప్పెను. మెత్తని కొయ్య స్థానమున తోలు వచ్చినది, సూత్రము మారలేదు.

ఇక ఉక్కు సంగతి. కత్తి వాదర సన్ననగుటకు రాయి కారణము. సన్ననైన పిదప విరుగక వంగక నిలుచుటకు ఉక్కు కారణము. పాలమూరు సీమకు ఉత్తరమున, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కు ఒకప్పుడు దూరదేశములకు పోయినది. లాంబ్టను సర్వేలో వైద్యుడుగాను భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన హెన్రీ వాయ్సీ ఆ పరిశ్రమను స్వయముగా చూచి వర్ణించెను. ఆయన వ్రాత మరణానంతరము 1832లో అచ్చయ్యెను. ఇస్పహాను నగరమునుండి ఉక్కు కొనుటకై వచ్చిన పారశీక వర్తకుని తాను అచ్చట కలిసికొన్నట్లు ఆయన చెప్పెను. ఈ జాతి ఉక్కునే పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అనిరి. ఆ పేరు మన ‘ఉక్కు’ అను దేశిపదము నుండి పుట్టినదని పెక్కుమంది పండితుల అభిప్రాయము.

1795లో జార్జి పియర్సను ఈ ఉక్కుపై పరిశోధించి లండను రాయల్ సొసైటీలో పత్రము చదివెను. తరువాత జేమ్సు స్టోడార్టు అను కత్తుల తయారీదారును, విద్యుచ్ఛాస్త్రమున జగద్విఖ్యాతుడు కానున్న మైకేల్ ఫారడేయు కలిసి, దీని రహస్యమును కనుగొన గోరి 1820లోను, 1822లోను తమ ప్రయోగఫలితములను ప్రకటించిరి. ఉక్కులో వెండి, రోడియము మొదలగు లోహములను కలిపి చూచిరి. అట్టి మిశ్రమలోహముతో మంగలికత్తులు చేయించి ఫారడే తన మిత్రులకు కానుకగా నిచ్చెను. ఉక్కు మంచిదో చెడ్డదో తేల్చుటకు మంగలికత్తిని మించిన పరీక్ష లేదని ఆ శాస్త్రజ్ఞునికిని తోచినది కాబోలు! కాలక్రమమున ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెను నగరములలో చేసిన కత్తులు మన అంగళ్ళకు వచ్చినవి. ఉక్కునకు పేరుపడిన దేశము కత్తిని కొనుక్కొనవలసి వచ్చినది.

అంగడి కత్తి వచ్చుటకు ముందు ఊరి కమ్మరి కొట్టి యిచ్చిన కత్తియే క్షురకునకు ఆధారము. అంగడి కత్తి వచ్చిన తరువాతను దానిని నిలుపు సామగ్రి మాత్రము ఊరిదే. తోలును పదను చేసినవారు చర్మకారులు. పాలమూరు గుట్టల పొడవునను పసుపుపచ్చగా పూయు తంగేడు మనకందరకు బతుకమ్మపువ్వుగా తెలియును. దాని చెక్కయే దక్షిణదేశమున తోలు ఊనుటకు ప్రసిద్ధమైన సరకు. ఆ చెక్క ఊటలో నానిన తోలు కుళ్ళక, బిరుసెక్కక, మృదువుగా నిలుచును. కురుమూర్తి జాతరలో స్వామికి ఉద్దాలను సిద్ధము చేయువారు వడ్డెమాను చర్మకారులు. ఏడాదికి ఒకనాడు వారి చేతిపనికి ఊరేగింపు జరుగును. తక్కిన దినములలో అదే చేతిపని కపిలబావి బొక్కెనగా, చెప్పుగా, క్షురకుని తోలుపట్టెగా ఎవరి కంటికిని ఆనక పనిచేసినది.

క్షురకుని పొదిలో ఏమేమి యుండెడివి? రెండు మూడు కత్తులు, కత్తెర, గోళ్ళు తీయు నహరణి, చిన్న యద్దము, నీటిగిన్నె, నున్నని రాయి, తోలుపట్టె. తోలుపట్టె చేతనందనప్పుడు అరచేయియే పట్టె యగుచుండెను. అరచేతిపై కత్తిని అటునిటు పొరలించు ఆ చప్పుడు మన పెద్దలలో పలువురకు నేటికిని జ్ఞాపకము. ఆ పొదితోనే ఆయన పుట్టువెండ్రుకలు తీసెను, పెండ్లికుమారుని తీర్చెను, పుండ్లను కోసి కట్టుకట్టెను. మరణించినవాని కుమారునకు తల గొరిగెను. సన్నాయి యూదినదియు ఆ కుటుంబమువారే. మంత్రసానితనము చేసినదియు ఆ యింటి స్త్రీలే. పుట్టుక మొదలు చావు వరకు ఊరిలో ఆ పొది తెరువని శుభాశుభకార్యము లేదు.

ఇంతటి పనికి ప్రతిఫలమేమి? కల్లమున రాశి యెత్తునప్పుడు పెట్టు మేర. అది రైతు పంటపైనను, రైతు దయపైనను ఆధారపడియుండెను. రాజులు పన్నులు కూడ వేసిరి. ఇచ్చట చరిత్రలో ఒక మనోహరమైన ఘట్టము కలదు. విజయనగరమున సదాశివరాయలు పేరునకు ప్రభువై (1542–1570), అళియ రామరాయలు అధికారము నడపుచున్న కాలమున, బాదామికి చెందిన కొండోజు అను క్షురకుడు రామరాయల అనుగ్రహమునకు పాత్రుడయ్యెను. తనకై మాన్యములు కోరుకొనక, తన వృత్తివారిపై గల పన్నులను తీసివేయించెను. ఈ సంగతిని చెప్పు శాసనములు కన్నడదేశమునను తెలుగుదేశమునను అనేకము దొరకినవి. కొన్ని శిలలపై క్షురకుని పనిముట్ల రూపులును చెక్కియున్నవి. అళియ రామరాయలు 1565లో రక్కసి తంగడి యుద్ధమున కూలెను. ఆ సామ్రాజ్యమును కూలెను. కొండోజు సాధించినది మాత్రము రాతిపై నిలిచెను.

కాని ఆ మేలు శాశ్వతము కాలేదు. నిజాము పాలనలో తెలంగాణపు గ్రామములందు వెట్టిచాకిరి ప్రబలెను. గ్రామాధికారులకును దొరలకును క్షురకులు ఉచితముగా క్షౌరము చేయుటయే గాక, రాత్రులందు ఒళ్ళు పట్టవలసియుండెను. ఈ దురాచారమును గోలకొండ పత్రిక ఖండించెను. 1930లో జోగిపేటలో సురవరమువారి అధ్యక్షతన తొలి సమావేశము జరిపిన ఆంధ్ర మహాసభయు వెట్టికి ఎదురు నిలిచెను. గద్వాల వృద్ధుని తండ్రి ఆ కాలమువాడు. “మా నాయన దొర గడుపల కూసోని కత్తి తోలుకు పెడుతుంటె నేను సూసిన. పైస ఇయ్యకున్న కత్తి మొండిగ పెట్టలే. కత్తి తెగకుంటె సిగ్గు దొరకు గాదు, మనకు అనెటోడు” అని ఆయన చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు. అన్యాయముగా చేయించుకొన్న పనిలో సైతము ఆ తండ్రి తన పదునును తగ్గించుకొనలేదు. దానిని విధేయత యనుట పొరపాటు; అది వృత్తిగౌరవము. విధేయతను దొర బలవంతముగా పుచ్చుకొనగలిగెను. ఈ గౌరవమును ఆయనకై ఆయన నిలుపుకొనెను.

ఆ విద్య యెట్టిదో ఇక మేము నేర్చినంతవరకు చెప్పెదము. తన గడ్డమును తానే గీసికొన గోరువాడు మొదట గీయుట నేర్చుకొనడు, కత్తిని కాచుట నేర్చుకొనును. ఫ్రాన్సు దేశపు కత్తుల శిల్పి జాన్ జాక్ పెరే 1769లో స్వయముగా క్షౌరము చేసికొను విద్యపై గ్రంథము ప్రకటించిన నాటినుండి, అన్ని దేశములలోను క్రొత్తవానికి చెప్పబడుచున్న పాఠమిదే. మా గురువు మాకు పదిదినములవరకు మంచికత్తి నీయలేదు. అరిగిపోయిన మొండికత్తి నిచ్చి, “చెయ్యి తిరగనియ్యుండ్రి” అనెను.

తోలుపట్టె యొక కొనను గోడచీలకు తగిలించి, రెండవ కొనను ఎడమచేత బిగువుగా పట్టుకొనవలెను. బిగువు తగ్గినచో తోలు నడుమ వంగి, వాదరను చుట్టుకొని దానిని గుండ్రము చేయును. కత్తిని పట్టెపై పరచినట్లుంచవలెను. వెన్నును వాదరయు రెండును తోలును తాకవలెను. పిదప వెన్ను ముందు నడువగా, వాదర వెనుక రావలెను. ఇదియే మొదటి సూత్రము. మేము మొదట తప్పినదియు దీనినే. పట్టె చివరకు వచ్చినప్పుడు కత్తిని గాలిలోనికి ఎత్తరాదు. వెన్ను తోలును విడువకుండ దానిపైననే కత్తిని పొరలించి, రెండవ పక్కను తోలున కానించి వెనుకకు రావలెను. వాదరను ఆధారము చేసికొని తిప్పినచో వాదరయు పోవును, తోలును పోవును.

ఒత్తిడి ఏమాత్రము వలదు. కత్తి బరువే చాలును. పట్టె వెడల్పు కత్తికంటె తక్కువైనచో, కత్తిని కొంచెము ఏటవాలుగా నడపి, మడమ నుండి కొనవరకు వాదర అంతయు తోలును తాకునట్లు చూడవలెను. మొదట ముతక నూలుగుడ్డపై ఇరువది సారులు, పిదప తోలుపై నలువది ఏబది సారులు అటునిటు నడపుట చాలును. క్రొత్తవానికి వేగమన్న మోజు మెండు. ఆ టపటప చప్పుడు చేయవలెనని మాకును కోరిక కలిగెను. “సప్పుడు దానంతట అదె వస్తది, నువ్వు తెచ్చుకోకు” అని వృద్ధుడు వారించెను. నిదానముగా నడపినచో తప్పు తెలియును. తెలిసిన తప్పు దిద్దుకొనవచ్చును.

తోలుపై నడపుట రాతిపై నూరుటకు సరిగా ఎదురు. రాతిపై వాదర ముందు నడచును. తోలుపై వెన్ను ముందు నడచును. రాయి లోహమును తీసివేసి క్రొత్త అంచును పుట్టించును. తోలు ఉన్న అంచును సవరించి, నునుపు చేసి, గీయుటవలన కలిగిన వంపును సరిదిద్దును. కనుక కత్తి మొండివారినప్పుడెల్ల రాయిని ఆశ్రయించువాడు కత్తిని తినివేయుచున్నాడన్నమాట. క్షౌరమునకు ముందు ప్రతి సారి తోలు. తోలున కెంతకును లొంగని మొండితనము వచ్చినప్పుడే రాయి. ఆ రాయియు సమతలముగా, మినుము వన్నె కాకపోయినను సుశ్రుతుడు చెప్పినంత నున్నగా నుండవలెను.

కాచుట యన్నది క్షౌరము ముగిసిన పిదప మొదలగును. పాతకత్తులు తుప్పు పట్టని జాతి ఉక్కుతో చేసినవి కావు. నీటితో కడిగి, మెత్తని గుడ్డతో వెన్ను వైపు నుండి వాదర వైపునకు తుడిచి, గుడ్డపై నాలుగైదు సారులు నడపి, ఆరిన పిదపనే పిడిలోనికి మూయవలెను. పిడి చీలవద్ద నిలిచిన తడి కంటికి కనబడకయే కత్తిని తినును. వానకాలమున పలుచని నూనె పూయుట అవసరము. నాగర్‌కర్నూలునకు కందనూలు అను పేరు బండి యిరుసునకు పూయు కందెన వలన వచ్చినదని జనులు చెప్పుకొందురు. పేరు సంగతి యెట్లున్నను, ఇనుమున్న చోట నూనె యుండవలెనని ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. తోలుపట్టెను అప్పుడప్పుడు అరచేతితో రుద్దుచుండిన చాలును. చేతిలోని సహజమైన జిడ్డు దానిని మెత్తగా నుంచును.

వెండ్రుక వంటి మెత్తని వస్తువును కోయుటచే ఉక్కు ఏల మొండివారును? ఈ ప్రశ్నకు అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు 2020లో ‘సైన్సు’ పత్రికయందు సమాధానమిచ్చిరి. వెండ్రుక ఉక్కుకంటె సుమారు ఏబదిరెట్లు మెత్తనిది. అయినను వెండ్రుక ఏటవాలుగా వంగి తగిలినప్పుడు, వాదరలో లోహనిర్మాణము ఒకచోట గట్టిగా, ప్రక్కచోట మెత్తగా ఉన్న తావున సూక్ష్మమైన పెచ్చు లేచిపోవునని వారు సూక్ష్మదర్శినితో చూచిరి. క్షౌరమునకు ముందు గడ్డమును నీటితో బాగుగా నానబెట్టుట క్షురకులకు తరతరముల ఆచారము. నానిన వెండ్రుక మెత్తబడి సులువుగా తెగును. కత్తియు సుఖపడును, మనుష్యుడును సుఖపడును.

ఇట్టి విద్య ఏల అంతరించుచున్నది? అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ మార్చివేసికొను బ్లేడు గల రేజరును 1903లో అమ్మకమునకు తెచ్చెను. 1960ల తరువాత తుప్పుపట్టని బ్లేడులు చౌకగా వ్యాపించినవి. 1980లనాటినుండి ఎయిడ్సు వ్యాధిని గూర్చిన భయము ప్రబలగా, ఒకరికి వాడిన కత్తిని మరియొకరికి వాడరాదన్న ఎరుక జనులకు కలిగెను. క్షౌరశాలలలో సగము బ్లేడును విరిచి తగిలించు పిడులు వచ్చినవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క క్రొత్త బ్లేడు. పని కాగానే పారవేయుట. ఇది సరియైన మార్పు. రక్తమున వ్యాపించు రోగముల విషయమున పాతకాలపు మమకారము పనికిరాదు. కనుక మేము వర్ణించిన కత్తి ఒక మనుష్యునకే చెందియుండవలెను. క్షౌరశాలలో అందరకు తిరుగరాదు.

అయితే కత్తితోపాటు పోయినది మరియొకటి కలదు. బ్లేడును నిలుపుకొనవలసిన పని లేదు, మొండివారినచో పారవేయుదుము. నిలుపుకొనుట తెలిసినవాని విలువ అందువలన తగ్గినది. వృద్ధుని కుమారుడు క్షౌరశాల నడపుచున్నాడు. ఆ తోలుపట్టెను ముట్టి యెరుగడు. అందుకు ఆయనకు కోపము లేదు. “వాడు దొర గడుపల కూసోలే, కుర్చేసిండు. గదె సాలు” అనెను. మేమును అట్లే తలంచుచున్నాము. ఆ విద్య వెంట అంటియున్న దైన్యము తొలగుట మేలు. విద్యయే తొలగుట మాత్రము మేలు కాదు. వెట్టికిని విద్యకును ముడి వేసినది కాలము. ఆ ముడిని విప్పి, రెండవదానిని దాచుకొనుట మన పని.

నెల దినములు గడచిన పిదప మా మిత్రుని తాతగారి కత్తిని మరల ఆయన కడకు గొనిపోయితిమి. తుప్పు మచ్చ కొంత మిగిలియే యున్నది. ఆయన తన ముంజేతి వెండ్రుకపై దానిని తేలికగా నడపి, ఊది చూచి, “బతికింది” అనెను. ఆయన తోలుపట్టెను కొందుమని మేమడుగగా తల యడ్డముగా ఊపెను. “కత్తి ఏడన్న దొరుకుతది. ఇది మా నాయన చెయ్యి అంటిన తోలు” అని దానిని చుట్టి పొదిలో పెట్టుకొనెను. మేము మరల అడుగలేదు.

శ్రోతలలో ఎవరి యింటనైనను తాతలనాటి కత్తి యుండవచ్చును. వారి యూర ఆ కత్తిని కాచుట యెరిగిన వృద్ధుడొకడు ఇంకను జీవించియుండవచ్చును. గరుకురాయి వెదకకుడు. ఆయన యింటికి పొండు. గురువునకు ఇచ్చు దక్షిణ యిచ్చి, ఎత్తైన ఆసనముపై కూర్చుండబెట్టి, తోలుపై చేయి నడపుట నేర్పుమని అడుగుడు. పదిదినములు మొండికత్తియే చేతికిచ్చినను నొచ్చుకొనకుడు.